మెయిన్ బంద్ పెట్టినంక గూడ షాక్ ఎట్ల కొడుతది?

నర్సంపేట_స్టార్టర్
మిల్లుల్ల, జిన్నింగుల్ల పనిజేసే మెకానిక్‌లకు షాక్ కొట్టిన కేసులు చూస్తే సగం మంది చెప్పే మాట ఒక్కటే. "మెయిన్ బంద్ పెట్టిన్నే, టెస్టర్ పెట్టి గూడ చూసిన, ఎలగలే." మొన్న ఒక రైస్ మిల్లుల ఎలివేటర్ డ్రైవు (మోటరు స్పీడు మార్చే డబ్బా) విప్పుతుంటే హెల్పర్ పిలగానికి రెండు చేతులకు తగిలింది, స్టూల్ మీదికెల్లి పడి మణికట్టు ఇరిగింది. ఓనరేమో "పోరనికి జాగర్త లేదు" అని చేతులు దులుపుకున్నడు.

కరెంటు లేని కాడ కరెంటు యాడికెల్లి వచ్చింది? తెల్సినోళ్లు లెక్కతోటి చెప్పుండ్రి. "జాగ్రత్తగా ఉండాలి" అనే సలహా వద్దు, అది గోడ క్యాలెండర్ మీద గూడ రాసి ఉంటది.

ప్యానెల్_బోర్డ్
డ్రైవు అంటున్నారు కాబట్టి అది కండెన్సర్ల (చార్జిని నిల్వ ఉంచుకునే భాగాల) చార్జి. 415 వోల్టుల త్రీఫేజు లోపలికి రాగానే డ్రైవు దాన్ని డీసీ చేస్తుంది. 415ను 1.414తో గుణిస్తే సుమారు 585 వోల్టులు. లోపలి పెద్ద కండెన్సర్లు ఆ 585ను పట్టుకుని కూర్చుంటాయి. బస్ (డ్రైవు లోపల ఆ డీసీ నడిచే పట్టీలు) మీద మొత్తం 1000 మైక్రోఫారడ్ ఉందనుకుంటే అందులో ఉన్న శక్తి దాదాపు 170 జౌళ్లు. ఆసుపత్రిలో లయ తప్పి వణికే గుండెకు పెట్టే షాక్ 150 నుంచి 200 జౌళ్లు. తేడా ఏమిటంటే అక్కడ డాక్టరు ఉంటాడు.

ఆ చార్జి తనంతట తాను దిగడానికి పక్కన బ్లీడర్ రెసిస్టర్లు ఉంటాయి. లక్ష ఓమ్‌ల రెసిస్టర్ అయితే 1000 మైక్రోఫారడ్ బస్ 50 వోల్టులకు దిగడానికి 4 నిమిషాలు పడుతుంది. కవర్ మీద "5 నిమిషాలు ఆగండి", "10 నిమిషాలు ఆగండి" అని రాసేది అందుకే. ఆ రాత నిజం కావాలంటే రెసిస్టర్ బాగుండాలి. కానీ మనం విప్పేదే చెడిపోయిన డ్రైవును. అందులో ఏం కాలిందో విప్పకముందు ఎవరికి తెలుసు?

ఇంకో మెలిక కూడా ఉంది. 400 వోల్టుల కండెన్సర్లు రెండు సిరీస్‌లో ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో రెసిస్టర్. ఒక రెసిస్టర్ తెగిపోతే ఒక కండెన్సర్ ఖాళీ అవుతుంది, రెండోదాంట్లో 290 వోల్టులు గంట గడిచినా అలాగే ఉంటాయి. చార్జ్ లైటు ఆరింది కదా అని నమ్మొద్దు, ఆ ఎల్‌ఈడీ కూడా కాలిపోయే వస్తువే.

చేయాల్సిన పని: మెయిన్ ఆఫ్, లేబుల్ మీద రాసిన టైము ఆగడం, మీటర్‌ను 1000 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి ప్లస్ మైనస్ బస్ టెర్మినళ్ల మధ్య చూడడం, తర్వాత ఒక్కో కండెన్సర్ మీద విడిగా చూడడం. 50 దాటి ఉంటే 2000 ఓమ్‌ల 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌తో దించి, మళ్లీ కొలవాలి.

జమ్మికుంట_జిన్నింగ్
గింత లెక్క ఎందుకన్నా. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపిస్తే అయిపాయె. అందరు చేసేది గదే.

ప్యానెల్_బోర్డ్
జమ్మికుంట అన్నా, చిన్న ఫ్యాన్ కండెన్సర్‌కు ఆ టప్పు సరే. 585 వోల్టుల బస్ మీద స్క్రూడ్రైవర్ పెడితే ఒక్క క్షణంలో వందల ఆంపులు పోతాయి. కొన కరిగి చిన్న చిన్న రాగి, ఇనుప బొట్లు ఎగురుతాయి, అవి పడేది కంట్లో. కండెన్సర్ లోపలి ట్యాబ్ తెగొచ్చు, అప్పుడు బయట సున్నా కనిపిస్తుంది, లోపల చార్జి అలాగే ఉంటుంది. రెసిస్టర్‌తో అయితే ఇదంతా 10 సెకన్ల పని, చప్పుడు కూడా ఉండదు.

చింతబరిగె
చప్పుడు రాకపోతే పనైనట్టు ఓనర్ నమ్మడు గదా, బిల్లు ఎట్ల ఇస్తడు 😄

కాజీపేట_జంక్షన్
నర్సంపేట తమ్ముని ప్రశ్నల రెండో సగం ఎవ్వరు ముట్టలే. టెస్టర్ ఎందుకు ఎలగలే?

నియాన్ టెస్టర్ ఎలగాలంటే కరెంటు నీ ఒంట్లకెల్లి భూమికి పోవాలె. బంద్ పెట్టిన డ్రైవు బస్‌కు భూమితోటి సంబంధం ఉండది, దాని చార్జి మొత్తం రెండు కొసల నడుమనే. టెస్టర్ ఒక్క కొసకు పెడితే దారి దొరకది, ఎలగది. అదే రెండు చేతులు రెండు కొసలకు తగిలితే దారి ఛాతిలకెల్లి దొరుకుతది.

మీటర్ తోటి గూడ ఇదే తిప్పలు. పసుపుపచ్చ చిన్న మీటర్ ఏసీ రేంజిల మర్చిపోయి డీసీ బస్ మీద పెడితే ఒక దిక్కు సున్నా చూపిస్తది, వైర్లు మారిస్తే రెట్టింపు చూపిస్తది. సున్నా చూసినోడు చెయ్యి పెడ్తడు.

ఇంకోటి, ఎర్ర వైరు 10 ఆంపుల హోల్‌ల మర్చిపోయి 415 మీద పెడితే మీటరే షార్టు. ఆ 10 ఆంపుల హోల్‌కు చవక మీటర్లల్ల ఫీజే ఉండది. చేతిల పేలుతది. ప్యానెల్ పని చేసేటోడు కనీసం క్యాట్ 3 (మీటర్ మీద రాసి ఉండే రక్షణ తరగతి), 600 వోల్టుల మీటర్ కొనాలె.

చింతబరిగె
మీటర్‌ల ఫీజు లేదు, పిలగానికి ట్యూషన్ ఫీజు కట్టాలె, అందుకే చవక మీటర్.

గోదారిఖని_రెండో_షిఫ్టు
కండెన్సర్ల మీదనే పడ్డరు అందరు. డ్రైవు లేని మామూలు స్టార్టర్‌ల గూడ "బంద్" అబద్ధం చెప్తది.

స్టాప్ బటన్ కోసేది కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే, తెంపే స్విచ్) కాయిల్ కరెంటునే. కాంటాక్టర్ పైన ఆర్, వై, బీ మూడు ఫేజుల టెర్మినళ్ల మీద 415 అట్లనే ఉంటది. ఇది అందరికి తెల్సిందే. తెల్వంది ఏందంటే, కాంటాక్టర్‌ల మూడు పాయింట్లల్ల ఒకటి కాలి అతుక్కుంటే రెండు తెరుచుకుంటయి, ఒకటి తెరుచుకోది. మోటరు ఆగుతది, ఎందుకంటే ఒక్క ఫేజుతోటి తిరగది. ఆగింది గదా అని మోటరు టెర్మినల్ బాక్స్ విప్పితే ఆరు కొసలు లైవే, వైండింగుల్లకెల్లి అన్నిటికి అదే ఫేజు వస్తది. మోటరు కొసలకు కొసలకు నడుమ కొలిస్తే సున్నా చూపిస్తది! ఫేజుకు ఫేజుకు కాదు, ఫేజుకు బాడీకి గూడ చూడాలె. మూడు ఫేజులకు మూడు జోడీలు, బాడీకి మూడు, మొత్తం 6 కొలతలు. నిమిషం పట్టది.

ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఏబీ స్విచ్ (స్తంభం మీద మూడు ఫేజులు తెంపే బ్లేడ్ల స్విచ్) గుంజినా ఇదే కత. ఒక బ్లేడు తుప్పు పట్టి ఇరుక్కుంటది, హ్యాండిల్ కిందికి వచ్చినా అది ఊడది. కింద నిలవడి మూడు బ్లేడ్లు కండ్లతోటి చూడాలె. అసలైతే అది లైన్‌మన్ పని, ఎల్‌సీ (లైన్ క్లియర్, లైను బంద్ చేసినట్టు ఇచ్చే అనుమతి) తీసుకోకుంట ప్రైవేటు మెకానిక్ దిమ్మె ఎక్కుడే తప్పు. 1912కు ఫోన్ కొట్టాలె.

నర్సంపేట_స్టార్టర్
మస్తు ఉన్నయి గదా దొంగ దారులు. ఒక డౌటు. బోరు కేబుల్ 100 మీటర్లు ఉంటది, స్టార్టర్ కాడ మూడు కటౌట్లు (ఫీజు క్యారియర్లు) ఊడబీకినంక గూడ డిజిటల్ మీటర్ 60, 70 వోల్టులు చూపిస్తది కొన్నిసార్లు. అది నిజం కరెంటేనా?

కాజీపేట_జంక్షన్
చాలా వరకు ఉత్తదే. పక్కన లైవ్ వైరు పోతుంటే దాని ప్రభావం తోటి ఖాళీ వైరు మీద వచ్చే వోల్టేజి అది. డిజిటల్ మీటర్ కరెంటు దాదాపు గుంజది గనక దాన్ని గూడ చూపిస్తది. హోల్డర్‌ల 100 వాట్ల బల్బు పెట్టి రెండు వైర్లు తీసిన టెస్ట్ ల్యాంప్ ఆ కొసకు, ఎర్తుకు పెట్టు. ఉత్త వోల్టేజి అయితే మీటర్ అంకె టక్కున సున్నకు పడుతది. పడకుంటే యాడ్నో నిజంగ కలిసింది.

కానీ ఫేజుకు ఫేజుకు 415 మీద ఒక్క 230 బల్బు పెట్టకు, పేలుతది. రెండు బల్బులు సిరీస్‌ల పెట్టాలె.

గోదారిఖని_రెండో_షిఫ్టు
> చాలా వరకు ఉత్తదే

ఈ మాట పిలగాండ్లకు చెప్తే ప్రతి 70ని ఉత్తదే అనుకుంటరు. రుజువయ్యేదాక లైవే అనుకోవాలె. బోరు కాడ ఆటో స్టార్టర్ సంగతి గూడ యాదికుంచుకోండ్రి. తెలంగాణల 2018 జనవరి 1 నుంచి పొలాలకు 24 గంటల కరెంటు వచ్చినంక ఆటో స్టార్టర్లు తియ్యమని సర్కారే చెప్పింది, కానీ చాలా బావుల కాడ ఇప్పటికీ ఉన్నయి. కరెంటు పోయింది గదా అని పైపులు గుంజుడు మొదలుపెడ్తరు, కరెంటు రాంగనే మోటరు దానంతటదే లేస్తది. మూడు కటౌట్లు ఊడబీకి జేబుల ఏసుకోవాలె. డబ్బా మీద పెడితే ఎవడో ఒకడు వచ్చి పెడ్తడు.

జమ్మికుంట_జిన్నింగ్
స్క్రూడ్రైవర్ ముచ్చట పక్కన పెడ్త, ప్యానెల్ అన్న చెప్పింది కరెక్టే. జిన్నింగుల ఇంకో విచిత్రం ఉంటది, అది ఎవ్వరు చెప్పలే. పవర్ ఫ్యాక్టర్ కోసం కొందరు కండెన్సర్‌ను నేరుగ మోటరు టెర్మినళ్లకే కడ్తరు. మెయిన్ బంద్ పెట్టినా మిషన్ బరువుకు మోటరు చాలాసేపు తిరుగుతనే ఉంటది. తిరిగే మోటరు, దానికి కట్టిన కండెన్సర్, రెండు కలిసి జనరేటర్ లెక్క వోల్టేజి పుట్టిస్తయి. బయటికెల్లి కరెంటు లేదు, టెర్మినళ్ల మీద మాత్రం ఉంది. షాఫ్ట్ పూర్తిగ ఆగినంకనే బాక్స్ ముట్టాలె, ఆగినంక గూడ ఆ కండెన్సర్‌ను దించాలె. త్రీఫేజు కండెన్సర్ అయితే ఒక జోడీ దించితే సాలదు, మూడు జోడీలు దించాలె.

హన్మకొండ_బయోమెడ్
ఆసుపత్రి పరికరాల వైపు కూడా ఇదే వరస, వోల్టేజీలే వేరు.

ఎక్స్‌రే మిషన్‌లో ట్యూబ్‌కు పోయే హెచ్‌టీ (హై వోల్టేజి) కేబుల్ తానే ఒక కండెన్సర్. పొడవాటి కేబుల్, లోపల వైరు, బయట షీల్డు, మధ్యలో రబ్బరు. పవర్ ఆఫ్ చేసి కేబుల్ కొస బయటికి గుంజినప్పుడు పిన్నుల మీద ఇంకా చార్జి ఉంటుంది. గుంజిన వెంటనే పిన్నులను ట్యాంక్ బాడీకి తాకించాలి, ఆ తర్వాతే చేత్తో పట్టుకోవాలి. ఆ దెబ్బ అన్నిసార్లూ ప్రాణం తీయకపోవచ్చు గానీ నిచ్చెన మీద నుంచి కింద పడేస్తుంది. డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే మిషన్) కవర్ తీస్తే కండెన్సర్ మీద వేల వోల్టులు ఉంటాయి. సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన డిశ్చార్జి టూల్ లేకపోతే దాన్ని విప్పొద్దు, అంతే.

ఆసుపత్రిది కాకపోయినా అందరూ ధైర్యంగా విప్పేది ఇంకోటి ఉంది, మైక్రోవేవ్ ఓవెన్. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సుమారు 2000 వోల్టులు, కండెన్సర్, డయోడ్ కలిసి దాన్ని పీక్‌లో 4000 దాకా తీసుకెళ్తాయి. కరెంటు తగినంత ఇవ్వగలదు కూడా, పాత టీవీ పిక్చర్ ట్యూబ్ లాగా ఉత్త చురుక్కు కాదు. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు భూమికి లీకైతే పడిపోయే స్విచ్) ఉంది కదా అంటారు. అది ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతలి వైపు ఏం జరుగుతుందో చూడలేదు, ట్రిప్ అవ్వదు. ఆన్‌లో పెట్టి లోపల కొలిచే పని ఎవరూ చేయొద్దు.

సిరిసిల్ల_సాంచ
ఆర్‌సీసీబీ మాట వచ్చింది గనక అడుగుతున్న. షెడ్డుల 16 సాంచలు (పవర్‌లూమ్ మగ్గాలు), ఎర్తు వైరు ఒక సాంచకెల్లి ఇంకో సాంచకు, దానికెల్లి ఇంకోదానికి గొలుసు లెక్క. ఎర్తు గుంత ఉంది, ఉప్పు బొగ్గు పోసిన్రు. ఎండకాలం మాత్రం ఫ్రేము ముట్టుకుంటే చిమచిమ అంటది. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడే స్విచ్) ఎందుకు పడ్తలేదు?

ప్యానెల్_బోర్డ్
సిరిసిల్ల, మీ ప్రశ్నలోనే రెండు తప్పులు ఉన్నాయి.

గొలుసు ఎర్తు మొదటి తప్పు. మూడో సాంచ దగ్గర లగ్గు ఊడితే నాలుగు నుంచి పదహారు దాకా అన్నీ గాలిలో ఉన్నట్టే. వాటిలో ఒక్క మోటరు వైండింగ్ బాడీకి తగిలితే పదమూడు ఫ్రేములూ లైవ్. షెడ్డు పొడవునా 25×3 మిల్లీమీటర్ల జీఐ పట్టీ ఒకటి పరిచి, ఒక్కో సాంచ నుంచి దానికి విడిగా వైరు దించాలి. మధ్యలో ఒకటి ఊడితే ఆ ఒక్కటే పోతుంది.

రెండోది ఎంసీబీ మీద ఆశ. మన దగ్గర చల్క భూమి, కింద రాయి. ఏప్రిల్ వచ్చేసరికి గుంత ఎండిపోతుంది. గుంత రెసిస్టెన్స్ 20 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్తు 5 ఓమ్‌లు అనుకుందాం. ఫేజు బాడీకి తగిలితే పోయే కరెంటు 230 భాగం 25, అంటే 9 ఆంపులు. 16 ఆంపుల ఎంసీబీకి అది మామూలు లోడు, గంటలు గడిచినా పడదు. ఆ సేపంతా ఫ్రేము మీద 184 వోల్టులు. చెమట చెయ్యి, తడి నేల అయితే మనిషి రెసిస్టెన్స్ వెయ్యి ఓమ్‌ల దగ్గరికి వస్తుంది, అంటే 180 మిల్లీఆంపులు. 10 దాటితేనే పట్టుకున్నది వదల్లేం, 30 నుంచి 50 కొన్ని సెకన్లు పోతే గుండె లయ తప్పొచ్చు.

30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉంటే గుంత 100 ఓమ్‌లు ఉన్నా పడుతుంది.

గోదారిఖని_రెండో_షిఫ్టు
పడుతది, పడుతనే ఉంటది. 16 సాంచలకు ఒకటే 30 మిల్లీఆంప్ పెడితే వానకాలం రోజుకు పదిసార్లు పడుతది, మూడో దినం ఎవడో ఒకడు దాన్ని బైపాస్ చేస్తడు. డ్రైవులున్న కాడ అసలు నిలవది, ఫిల్టర్ కండెన్సర్లు ఎప్పుడు కొంత లీక్ చేస్తనే ఉంటయి. బైపాస్ చేసిన ఆర్‌సీసీబీ లేనిదానికన్న ప్రమాదం, ఉన్నదనుకుంటరు గనక.

ప్యానెల్_బోర్డ్
అది నిజమే, అందుకే మొత్తానికి ఒకటి కాకుండా నాలుగు సాంచలకు ఒకటి. డ్రైవు ఫీడర్‌కు 300 మిల్లీఆంపులది విడిగా, అది మంటలను ఆపుతుంది, మనిషిని కాదు. చేతి డ్రిల్లు, గ్రైండర్, వెల్డింగ్ సాకెట్లకు మాత్రం 30 తప్పనిసరి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కాలి. ఆ బటన్ ఆర్‌సీసీబీ బాగుందని చెబుతుంది, ఎర్తు బాగుందని కాదు.

చింతబరిగె
ఎర్తు అంటే యాదికొచ్చింది. మాల ఏసుకున్న మెకానిక్‌ల సంగతేంది? 41 దినాలు చెప్పులుండవు. తడిసిన మిల్లు నేల మీద ఉత్తకాళ్లు. స్వామియే శరణం అంటే సరిపోదు గదా.

కాజీపేట_జంక్షన్
ఇది జోక్ కాదు, సీదా పాయింటు. చెప్పులేసుకోకుంటే కాళ్ల కింద రబ్బర్ మ్యాట్ ఏసుకోవాలె. ఐఎస్ 15652 ముద్ర ఉన్నది, 2 మిల్లీమీటర్ల మందంది ఎల్‌టీ (230, 415 వోల్టుల లైను) పనికి చాలు. కార్ మ్యాటు, గోనె సంచి పనికిరావు. గోనె సంచి తడిస్తే తీగతో సమానం. వెండి కడెం, ఉంగరం, మాల పూస గూడ చెయ్యి పెట్టేముందు తియ్యాలె, లేకుంటే లోపలికి దోపుకోవాలె. ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులు షాక్ కొట్టది గానీ, పాన కొస కడెంకు తగిలి షార్టయితే ఒక్క సెకన్‌ల కడెం ఎర్రగ కాలి చర్మానికి అంటుకుంటది.

నర్సంపేట_స్టార్టర్
గ్లౌజుల మాట ఎవ్వరు ఎత్తలే?

గోదారిఖని_రెండో_షిఫ్టు
తోట పనికి ఏసుకునే రబ్బర్ గ్లౌజులు గ్లౌజులు కావు. 1000 వోల్టుల రేటింగ్ ఉన్న క్లాస్ 0 కావాలె. ఏసుకునే ముందు మణికట్టు కాడికెల్లి చుట్టుకుంట రావాలె, లోపల గాలి చేరి ఉబ్బుతది. చెంప కాడ పెట్టుకుంటే సూదంత తూటు ఉన్నా గాలి తెలుస్తది. తూటు ఉంటే కోసి పారెయ్యాలె, దాచిపెడితే ఇంకోడు ఏసుకుంటడు.

అన్నిటికన్న ముందు తాళం. మెయిన్ ఐసోలేటర్‌కు తాళం ఏసి చెవి జేబుల పెట్టుకోవాలె. నలుగురు పనిజేస్తే నాలుగు తాళాలు. "నేను చెప్పేదాక పెట్టకు" అని అరిస్తే మిల్లు చప్పుడుల "పెట్టు" అన్నట్టే వినవడుతది. తాళమేసినంక మీటర్‌ను ముందు లైవ్ ఉన్న కాడ పెట్టి పనిచేస్తుందని చూసుకోవాలె, తర్వాత పనిజేసే కాడ, మళ్లొకసారి లైవ్ కాడ. నడుమల మీటర్ వైరు తెగితే మూడో కొలతల దొరుకుతది.

జమ్మికుంట_జిన్నింగ్
తాళమేస్తే ఓనర్ ఊకుంటడా. సీజన్‌ల గంట మిషన్ ఆగితే లారీలు గేటు దాక నిలవడుతయి. "నడిపిచ్చుకుంటనే చూడు" అంటడు.

ప్యానెల్_బోర్డ్
కొలిచేందుకు మాత్రమే లైవ్‌లో ఉండాలి, విప్పేందుకు, బిగించేందుకు కాదు. ఓనర్‌కు ఒక లెక్క చూపించండి. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరలో బస్‌బార్ మీద స్పానర్ జారితే 3000 ఆంపుల దాకా పోతుంది. ఆ మంటకు ముఖం, చేతులు కాలడమే కాదు, ప్యానెల్ కూడా మసి. కొత్త ప్యానెల్ బిగించేదాకా మిల్లు ఎన్ని రోజులు ఆగుతుంది? టెరికాట్ చొక్కా అయితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది, నూలు బట్టే వేసుకోవాలి.

సిరిసిల్ల_సాంచ
షాక్ కొట్టినోన్ని ఇసుకల పూడ్చిపెడితే కరెంటు దిగుతదంటరు, నిజమేనా?

హన్మకొండ_బయోమెడ్
అబద్ధం. ఒంట్లో దిగడానికి కరెంటు మిగిలి ఉండదు, పూడ్చేటప్పుడు పోయేది టైము. ముందు స్విచ్ ఆఫ్. దొరక్కపోతే ఎండిన కట్టెతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో వేరు చేయాలి. అది ఎల్‌టీకి మాత్రమే, 11 కేవీ వైరు అయితే దగ్గరికే పోవద్దు. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయమని ఒకరికి చెప్పి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతున నొక్కుతూనే ఉండాలి. కాలిన చోట మామూలు నీళ్లు 20 నిమిషాలు పోయాలి. టూత్‌పేస్టు, ఇంకు వద్దు.

లేచి కూర్చుని చాయ్ తాగాడని వదిలేయొద్దు. స్పృహ తప్పినా, గుండె దడగా ఉన్నా, కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయినా ఈసీజీ తీయించాలి. మూత్రం చాయ్ డికాషన్ రంగులో వస్తే లోపల కండరం కాలిందని అర్థం, కిడ్నీకి ప్రమాదం, ఆ రోజే ఆసుపత్రిలో చేరాలి. భుజం కదలకపోతే ఎక్స్‌రే. షాక్‌కు కండరాలు బిగుసుకుని భుజం వెనక్కి జారుతుంది, మామూలు ఎక్స్‌రేలో కొన్నిసార్లు దొరకదు, పక్క నుంచి తీసిన ఫిల్మ్ అడగాలి.

నర్సంపేట_స్టార్టర్
మణికట్టు ఇరిగిన పిలగానికి పైసలు ఎవలిస్తరు మరి?

కాజీపేట_జంక్షన్
మిల్లుకు ఈఎస్ఐ ఉండి, జీతం నెలకు 21,000 లోపల ఉంటే, పనిజేస్తున్నప్పుడు తగిలిన దెబ్బకు పనిల చేరిన మొదటి దినం నుంచే హక్కు. ఇన్నేండ్లు కట్టాలె అనే లెక్క లేదు. పని చెయ్యలేని దినాలకు రోజు కూలిల 90 శాతం వస్తది. ప్రమాదం రిపోర్టు రాసి పంపాల్సింది ఓనరే, అది రాయకుంట "ఇంటికాడ పడ్డడు" అని ఆసుపత్రిల రాపిస్తే అంతా పోతది. మొదటి చీటి మీదనే "పని కాడ కరెంట్ షాక్" అని రాపియ్యండ్రి. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 161 కింద కరెంటు ప్రమాదం ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు తెలుపాలె గూడ.

చింతబరిగె
2000 ఓమ్‌ల 50 వాట్ల రెసిస్టర్ అడిగితే చౌరస్తా కాడ షాపాయన హీటర్ కాయిల్ ఇచ్చిండు. నడుస్తదా?

ప్యానెల్_బోర్డ్
నడవదు. 1000 వాట్ల హీటర్ కాయిల్ 53 ఓమ్‌లే, 585 మీద పెడితే 11 ఆంపులు గుంజి నిప్పురవ్వ వస్తుంది. వైర్‌వౌండ్ దొరక్కపోతే 100 వాట్ల ఫిలమెంట్ బల్బులు మూడు సిరీస్‌లో కట్టు, ఎల్‌ఈడీవి కాదు. తళుక్కుమని ఆరిపోతాయి. వెలుతురు పోయినా కొంత చార్జి మిగులుతుంది, 10 సెకన్లు అలాగే పట్టుకుని తర్వాత మీటర్ పెట్టు. వైర్లు 1.5 చదరపు మిల్లీమీటర్లవి, కొసలకు ఇన్సులేషన్ ఉన్న ప్రోబులు, ఒక చెయ్యి వెనక్కి.

చింతబరిగె
ఒక చెయ్యి వెనక్కి పెడితే రెండో ప్రోబు ఎవరు పట్టాలె?

ప్యానెల్_బోర్డ్
మైనస్‌కు క్రొకొడైల్ క్లిప్పు పెట్టు, అది కూడా గ్లౌజు వేసుకునే.